మన యార్డులోని గాలి చరిత్ర

ప్రత్యేక సంచికకు ఏదైనా చరిత్ర వ్యాసం రాసి ఇమ్మని సంపాదకవర్గం వారు అడిగినప్పుడు, నాకేం చరిత్ర తెలుసునని మొదట తప్పించుకోజూశాను. రాజులూ, యుద్ధాలూ నావల్ల కాని పని. విశాఖ ఉక్కు ఉద్యమం గురించి నాకంటె బాగా రాయగలవారు మన సంఘంలోనే పదిమంది ఉన్నారు, రాస్తూనే ఉన్నారు. ఉద్యోగంలో ఉన్నంతకాలం నేను చేసింది ఒకటే పని. గాలిని పట్టి, వడగట్టి, చల్లబరిచి, విడగొట్టి పైపుల్లో పంపడం. ఎయిర్ సెపరేషన్ ప్లాంటులో ఆపరేటరుగా చేరి ఫోర్‌మన్‌గా బయటికొచ్చినవాణ్ణి. కాబట్టి నాకు తెలిసిన గాలి చరిత్రే రాస్తాను. పాఠకులు ఓపిక పట్టాలి, ఎందుకంటే ఈ కథ మొదలైంది సుమారు 450 కోట్ల ఏళ్ళ కిందట.

పదవీ విరమణ రోజున అందరికీ ఇచ్చినట్టే నాకూ శాలువా, గోడగడియారం ఇచ్చి పంపారు. వాటితోపాటు ఆర్.ఎం.హెచ్.పి.లో పనిచేసే మిత్రుణ్ణి అడిగి మూడు రాళ్ళు తెచ్చుకున్నాను. ఒకటి బైలదిల్లా ఇనుప ఖనిజం. ఒకటి జగ్గయ్యపేట సున్నపురాయి. ఒకటి ఓడలో వచ్చిన ఆస్ట్రేలియా బొగ్గు. (సెక్యూరిటీలో పనిచేసిన సభ్యులు ఇది చదువుతుంటే మన్నించాలి. మూడూ కలిపి కిలో తూగవు.) ఇప్పటికీ మా ముందుగది కిటికీ గూట్లో ఉన్నాయి. ఎర్రదాని దుమ్మూ నల్లదాని మసీ గూటికి అంటుకుంటున్నాయని మా ఆవిడ ఎన్నిసార్లు పారేయబోయిందో లెక్కలేదు. శాలువా ఎవరికో ఇచ్చేశాం, గడియారం ఆగిపోయింది, రాళ్ళు మిగిలాయి.

ఈ మూడు రాళ్ళలోనూ గాలి చరిత్ర ఉందని నాకు ఉద్యోగంలో ఉండగా తెలియదు. తరువాత తీరికగా చదివి, ఆంధ్రా యూనివర్సిటీలో భూగర్భశాస్త్రం చెప్పిన ఒక పెద్దాయన దగ్గర కూర్చుని అడిగి తెలుసుకున్నాను.

ముందు మన గాలిలో ఏముందో చెబుతాను. పొడిగాలిలో నత్రజని 78 పాళ్ళు, ఆమ్లజని 21 పాళ్ళు, ఆర్గాన్ ఒక పాలుకు కొంచెం తక్కువ. మిగిలింది పిసరంత. మా ప్లాంటులో గాలిని ముందు కంప్రెసర్లో అదిమి, మాలిక్యులర్ సీవ్ అనే జల్లెడలాంటి పదార్థం గుండా పంపి తేమనూ, బొగ్గుపులుసు వాయువునూ తీసేస్తాం. అవి మిగిలితే చలికి గడ్డకట్టి పైపులు మూసుకుపోతాయి. ఆపైన గాలిని సున్నాకు కింద దాదాపు 190 డిగ్రీల దాకా చల్లబరిస్తే నీళ్ళలా కారుతుంది. నత్రజని మైనస్ 196 దగ్గర, ఆర్గాన్ మైనస్ 186 దగ్గర, ఆమ్లజని మైనస్ 183 దగ్గర మరుగుతాయి. ఈ కాస్త తేడా మీదనే మా ప్లాంటంతా నిలబడింది. ద్రవ ఆమ్లజని లేత నీలం రంగులో ఉంటుంది. మొదటిసారి చూసిన రోజు నేను షిఫ్టు దిగాక కూడా చాలాసేపు అక్కడే నిలబడ్డాను.

చదువుకునే రోజుల్లో మా సైన్సు పుస్తకంలో బొగ్గుపులుసు వాయువు 0.03 శాతం అని ఉండేది. పరీక్షకు బట్టీ పట్టాం. మొన్న మా మనవరాలి పుస్తకంలో 0.04 అని చూసి అచ్చుతప్పు అనుకున్నాను. తప్పు కాదు. మా పుస్తకమూ తప్పు కాదు. నా ఒక్క జన్మలో గాలి మారిపోయింది. ఈ వ్యాసానికి అసలు కారణం ఆ ఒక్క అంకె.

భూమికి మొట్టమొదట గాలంటూ ఉంటే అది ఉదజని, హీలియం అయివుండాలి. ఆ రెండూ మరీ తేలిక. భూమి వాటిని పట్టి ఉంచలేకపోయింది, అంతరిక్షంలోకి జారిపోయాయి. హీలియం మాట వచ్చింది కనుక మన తెలుగునాటి విశేషం ఒకటి చెప్పాలి. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం పట్టినప్పుడు ఫ్రాన్సు నుంచి జాన్సెన్ అనే ఖగోళవేత్త గుంటూరు వచ్చి సూర్యుడి అంచున ఎగసే జ్వాలల కాంతిని పరిశీలించాడు. మద్రాసు నక్షత్రశాలకు చెందిన పాగ్సన్ మచిలీపట్నంలో నిలబడి చూశాడు. ఆ జ్వాలల కాంతిలో కనబడిన ఒక పసుపు గీత భూమి మీద తెలిసిన ఏ మూలకానికీ సరిపోలేదు. దానికి తరువాత ఇంగ్లండులో లాకియర్ హీలియం అని పేరుపెట్టాడు. అది భూమి మీద దొరికింది 1895లో. అంటే మనం పోగొట్టుకున్న తొలి గాలి జాడ గుంటూరులో, బందరులో దొరికిందన్నమాట. గుంటూరు వాళ్ళకు మిరపకాయలూ, పొగాకూ తప్ప ఇంకేమీ తెలియదని వేళాకోళం చేసే మిత్రులు గమనించగలరు.

రెండో గాలి భూమి కడుపులోంచి వచ్చింది. అగ్నిపర్వతాలు కక్కిన ఆవిరి, బొగ్గుపులుసు వాయువు, నత్రజని, గంధకపు వాయువులు. అందులో ఆమ్లజని దాదాపు శూన్యం. ఆవిరి చల్లబడి వానై కురిసి సముద్రాలు నిండాయి. 440 కోట్ల ఏళ్ళ నాడే భూమి మీద నీరు ఉందనడానికి ఆస్ట్రేలియాలో దొరికిన చిన్న చిన్న జిర్కాన్ రేణువులు సాక్ష్యం అంటారు. మన భీమిలి ఇసుకలోనూ జిర్కాన్ ఉంది గానీ అంత ముసలిది కాదు. ఆ రోజుల్లో సూర్యుడి వెలుగు ఇప్పటిలో మూడు వంతులకంటె తక్కువే. అయినా సముద్రాలు గడ్డకట్టుకుపోలేదంటే బొగ్గుపులుసు వాయువూ, మీథేనూ భూమికి దుప్పటిలా కప్పి ఉండడమే ముఖ్య కారణమని చెబుతారు.

ఆ బొగ్గుపులుసు వాయువంతా ఏమయింది? ఇక్కడ మొదటి రాయి, సున్నపురాయి, చేతిలోకి తీసుకోవాలి. వాననీటిలో కరిగిన ఆ వాయువు కొండరాళ్ళను తిని, సున్నాన్ని నదుల్లో కలిపి, సముద్రం అడుగున రాయిగా పేరుకుంది. స్వచ్ఛమైన సున్నపురాయి వంద కిలోలు కాలిస్తే 56 కిలోల పొడిసున్నం మిగులుతుంది, 44 కిలోలు వాయువై పోతుంది. మన కాల్సైనింగ్ ప్లాంటులో రోజూ జరిగింది ఇదే. ఆ మాట చెబితే మా తోడల్లుడు నమ్మలేదు, రాయిలో సగం దాకా గాలేమిటన్నాడు. పాతకాలంలో సంక్రాంతికి గోడలకు కొట్టిన సున్నం ఆరి గట్టిపడటం చూశాం కదా. అది ఉత్తి ఆరడం కాదు, గాలిలోని బొగ్గుపులుసు వాయువును తిరిగి పీల్చుకుని మళ్ళీ రాయి కావడం. గోడకు తిరిగి రాయిపూత వేస్తున్నామని మన అమ్మమ్మలకు తెలియదు.

శుక్రగ్రహం మీద గాలి మనకంటె తొంభై రెట్లు బరువు, అందులో 96 శాతం పైగా బొగ్గుపులుసు వాయువే. అక్కడి వేడికి సీసం కరుగుతుంది. భూమి మీద కూడా ఆ వాయువు తక్కువేమీ పుట్టలేదు. మనది సున్నపురాయిలో బందీ అయింది, శుక్రుడిది బయటే ఉండిపోయింది. బొర్రా గుహల్లో దీపాల వెలుగులో శివలింగమనీ, ఆవు పొదుగనీ చూపించే రాళ్ళు కూడా ఆ బందీ అయిన గాలే.

ఇక ఎర్ర రాయి. అసలు కథ ఇక్కడుంది, కాబట్టి కాస్త నిదానంగా చెబుతాను.

బైలదిల్లా అంటే ఎద్దు మూపురం అని అర్థం. కొండల వరుస అలాగే ఉంటుంది. 1960లలో జపాను ఉక్కు కర్మాగారాల కోసం ఆ ఖనిజాన్ని తవ్వడానికీ, తూర్పు కనుమలను తొలిచి కొత్తవలస నుంచి కిరండూల్ దాకా రైలుమార్గం వేయడానికీ ఒప్పందాలు కుదిరాయి. 1976లో మన పోర్టుకు ఔటర్ హార్బర్ వచ్చింది కూడా ముఖ్యంగా ఆ ఖనిజాన్ని పెద్ద ఓడల్లో పంపడానికే. పోర్టులో పనిచేసి రిటైరైన మన సభ్యులు కొందరు ఆ ఎర్ర దుమ్ములోనే సర్వీసంతా గడిపారు. 1990లో గోదావరి బ్లాస్ట్ ఫర్నేస్ వెలిగాక అదే ఖనిజం మనకూ వచ్చింది. వ్యాగన్ టిప్లర్ ఒక్కో వ్యాగన్‌ను పట్టుకుని తలకిందులు చేస్తుంటే పిల్లలకు చూపించాలనిపించేది.

ఆ ఖనిజం పుట్టిన నాటికి సముద్రపు నీటిలో ఇనుము కరిగి ఉండేది. ఇప్పుడు ఏ సముద్రంలోనూ అలా ఉండదు, గాలి తగలగానే తుప్పై అడుక్కి దిగుతుంది. అప్పటి గాలిలో తుప్పు పట్టించే ఆమ్లజని లేదు. అప్పుడు నీటిలో ఒక రకం సూక్ష్మజీవులు, సయనోబాక్టీరియా, ఎండను తిని బతకడం నేర్చాయి. నీటిని చీల్చి, తమకు కావలసింది వాడుకుని, అక్కరలేని ఆమ్లజనిని బయటికి వదిలాయి. చెరువు గట్టున పాకుడులా పట్టే నీలిపచ్చ నాచు వాటి సంతతే. అవి వదిలిన ఆమ్లజని ముందు గాలికి దక్కలేదు. కరిగిన ఇనుము దాన్ని పట్టేసుకుని తుప్పుగా మారి సముద్రగర్భంలో పొరలు పొరలుగా పేరుకుంది. ఎర్రపొర, చెకుముకి పొర, మళ్ళీ ఎర్రపొర. కొంత ఇనుమును ఆమ్లజనితో పని లేని సూక్ష్మజీవులే తుప్పుగా మార్చి ఉండవచ్చని కూడా శాస్త్రజ్ఞులు అంటారు. ఏదైతేనేం, ఆ పొరల రాళ్ళలోంచి తరువాత నీళ్ళు చెకుముకిని కడిగేయగా మిగిలిందే మనం తవ్వే మేలురకం ఖనిజం.

శుద్ధమైన హెమటైట్ టన్నుకు 700 కిలోలు ఇనుము, 300 కిలోలు ఆమ్లజని. మా కిటికీ గూట్లోని రాయిలో పావు వంతుకు పైగా ఆమ్లజనే. కొన్ని వందల కోట్ల ఏళ్ళుగా ఎవరి ఊపిరికీ అందకుండా ఉండిపోయినది.

ఇనుమూ, అగ్నిపర్వతాల వాయువులూ పట్టుకోగలిగినంత పట్టుకున్నాక, సుమారు 240 కోట్ల ఏళ్ళ కిందట ఆమ్లజని మొదటిసారి గాలిలో నిలిచింది. ఇది ఊహ కాదు. అంతకు ముందటి నదుల గులకరాళ్ళలో పైరైట్ రేణువులు చెక్కుచెదరకుండా దొరుకుతాయి. ఆమ్లజని ఉన్న నదిలో అయితే అవి కరిగిపోవాలి. ఆ కాలం తరువాతి రాళ్ళలో అవి కనబడవు, నేల మీద ఎర్రరాళ్ళు కనబడటం మొదలవుతుంది. భీమిలి రోడ్డులో ఎర్రమట్టి దిబ్బలు మనందరం చూసినవే. అవి భూమి వయసుతో పోలిస్తే నిన్నటివి. కానీ వాటి ఎరుపు అదే ఎరుపు, ఇనుముకు ఆమ్లజని తగిలిన ఎరుపు.

మా పెద్దల్లుడు కడప జిల్లాలో ఉద్యోగం చేస్తున్నప్పుడు వేంపల్లె వైపు తీసుకువెళ్ళాడు. అక్కడి రాళ్ళలో, కోసిన ఉల్లిపాయలో పొరలున్నట్టు, గుమ్మటాల్లాంటి ఆకారాలు కనిపిస్తాయి. వాటిని స్ట్రోమాటొలైట్లు అంటారు. ఆ సూక్ష్మజీవులు జిగురుపరుపుల్లా పెరిగి, వాటి మీద సున్నం పేరుకుని, మళ్ళీ పైకి పెరిగి, అలా కట్టుకున్న ఇళ్ళు. వేంపల్లె రాళ్ళ వయసు దాదాపు 190 కోట్ల ఏళ్ళు. మేకలు ఎక్కి గడ్డి మేస్తున్నాయి. మన వృత్తికి మూలపురుషులు వీళ్ళేనని నేను చెయ్యెత్తి నమస్కారం పెడితే అల్లుడు అటూ ఇటూ చూశాడు, ఎవరైనా గమనించారేమోనని.

ఆమ్లజని రావడం అప్పటి జీవులకు పండుగ కాదు. చాలా వాటికి అది విషం. వెచ్చగా ఉంచే మీథేన్ తగ్గిపోయి భూమి మంచుయుగంలో పడిందని కూడా అంటారు. ఆమ్లజని సరిపడని పాత కాపులు గాలి చొరబడని చోట్లకు తప్పుకుని ఇప్పటికీ బతుకుతున్నారు. వరిమడి బురదలో, ఆవు కడుపులో ఉన్నది వాళ్ళే. బురద తొక్కితే బుడగలొచ్చేది వాళ్ళ ఊపిరి.

ఆ తరువాత వంద కోట్ల ఏళ్ళకు పైగా పెద్దగా ఏమీ జరగలేదు. ఇంక్రిమెంటు లేని సర్వీసులాంటి కాలం. 80 నుంచి 54 కోట్ల ఏళ్ళ మధ్య మళ్ళీ ఆమ్లజని పెరిగింది, పెద్ద జంతువులు పుట్టాయి. పైన ఓజోను పొర సూర్యుడి తీక్ష్ణకిరణాలను ఆపడంతో మొక్కలూ, ఆ వెనుక జంతువులూ నేల మీదికి వచ్చాయి. ఇదంతా పిల్లల పాఠ్యపుస్తకాల్లో ఉంది, నేను విస్తరించను.

మూడో రాయి నల్లది. ఆస్ట్రేలియా కోకింగ్ బొగ్గు, మన సింగరేణి బొగ్గు సుమారు 25 నుంచి 30 కోట్ల ఏళ్ళ నాటివి. అప్పట్లో ఆస్ట్రేలియా, భారతదేశం, అంటార్కిటికా ఒకే గడ్డ. దానికి శాస్త్రజ్ఞులు పెట్టిన పేరు గోండ్వానా, మన గోండుల పేరు. గ్లోసోప్టెరిస్ అనే చెట్టు ఆకుల ముద్రలు సింగరేణి రాళ్ళలోనూ ఉన్నాయి, ఆస్ట్రేలియాలోనూ ఉన్నాయి. ఆకు గాలిలోంచి బొగ్గుపులుసు వాయువు తీసుకుని ఆమ్లజనిని వదులుతుంది. ఆ చెట్టు కుళ్ళితే లెక్క చెల్లు, వదిలిన ఆమ్లజని తిరిగి ఖర్చయిపోతుంది. కుళ్ళకుండా బురదలో పూడిపోతే లెక్క చెల్లదు, ఆ మేరకు ఆమ్లజని గాలిలో మిగిలిపోతుంది. మన ఊపిరికి అందే ఆమ్లజని అలా, పూడిపోయిన ఆకులకూ నాచుకూ బదులుగా మిగిలిన నిల్వ. ఆ బొగ్గుల యుగంలో ఆమ్లజని 30 శాతం దాకా పెరిగిందని లెక్కలు ఉన్నాయి. అప్పటి తూనీగలు కొన్ని రెక్క చివరి నుంచి రెక్క చివరికి రెండడుగుల పైమాటే.

గాలిని మార్చిన అగ్నిపర్వతాల గుర్తులు కూడా మన నేల మీద ఉన్నాయి. సుమారు 6.6 కోట్ల ఏళ్ళ కిందట దక్కనులో లావా పొంగి వాయువులు కక్కింది. ఆ లావా పశ్చిమం నుంచి పాత గోదావరి లోయల వెంబడి పారి రాజమండ్రి దాకా వచ్చింది. కాతేరు, పంగిడి క్వారీల్లో నల్లకంకర అదే. కర్నూలు వైపు జ్వాలాపురంలో, ఇండోనేషియాలోని తోబా అగ్నిపర్వతం 74 వేల ఏళ్ళ కిందట పేలినప్పుడు గాలిలో కొట్టుకొచ్చిన బూడిద పొరగా ఉంది. దాని కిందా పైనా కూడా మనుషులు వాడిన రాతిపనిముట్లు దొరికాయి.

ఆర్గాన్ సంగతి మరచిపోతే మా సెక్షన్ వాళ్ళు ఊరుకోరు. ఒక పాలు కూడా లేని ఈ వాయువును 1894లో రేలీ, రాంసే అనే ఇద్దరు పట్టుకున్నారు. గాలిలోంచి తీసిన నత్రజని, రసాయనంగా చేసిన నత్రజనికంటె అరశాతం బరువు తూగుతోందేమిటని తల బద్దలుకొట్టుకోగా దొరికింది. అది రాళ్ళలోని రేడియోధార్మిక పొటాషియం నెమ్మదిగా మారగా పుట్టింది. మన యారాడ కొండ, కైలాసగిరి రాళ్ళు కూడా రవ్వంత చొప్పున దాన్ని వదులుతూనే ఉంటాయి.

నత్రజని విషయంలో ఒక అనుభవం. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో శిక్షణకు వేరే రాష్ట్రంలోని ఒక కర్మాగారానికి పంపారు. అక్కడ శుభ్రం చేయడానికి ఒక కుర్రాడు ట్యాంకులోకి దిగాడు. అందులో నత్రజని ఉందని అతనికి ఎవరూ చెప్పలేదు. కేక లేదు, దగ్గు లేదు. రెండు ఊపిర్లు పీల్చి కూర్చున్నట్టుగా ఒరిగిపోయాడు. గాలిలో ఐదింట నాలుగు వంతులుండే వాయువే. ఆ ఐదో వంతు లేకపోతే ఇంతేనని ఆ రోజు తెలిసింది. నా సర్వీసంతా కొత్తగా చేరినవాళ్ళకు మొదటి రోజున నేను చెప్పింది ఆ కుర్రాడి గురించే.

2021 ఏప్రిల్ అందరికీ జ్ఞాపకమే. ఆ నెల 22న దేశంలో మొట్టమొదటి ఆక్సిజన్ ఎక్స్‌ప్రెస్, ఏడు ట్యాంకర్లను వ్యాగన్ల మీద ఎక్కించుకుని, మన స్టీల్ ప్లాంటు నుంచి మహారాష్ట్రకు బయలుదేరింది. నేను టీవీలో చూశాను. నీలంగా ఉండే ఆ ద్రవాన్ని నేను చేత్తో నింపినంత సంతోషం వేసింది. మా ఆవిడ దీపం పెట్టింది.

ఆ పక్క వారంలోనే, నాతోపాటు ఇరవయ్యేళ్ళకు పైగా అదే కంట్రోల్ రూములో కూర్చున్న మిత్రుడికి జబ్బు చేసింది. నాకంటె రెండేళ్ళు చిన్న. నన్ను ‘గురువుగారూ’ అనేవాడు. పేరు రాయను, సెక్షన్ వాళ్ళకు తెలుసు. వేలికి పెట్టే మీటరులో 82 చూపించింది. ఎక్కడో ఒకచోట మంచం దొరికింది, సిలిండరు దొరకడానికి రాత్రంతా పట్టింది. ఫోనులో మాట పూర్తిగా రావడం లేదు. "ఏటి గురువుగారూ, టన్నులు టన్నులు చేశాం గదా" అన్నాడు. నేనేమీ అనలేకపోయాను. ఆ గదిలోనూ గాలిలో 21 పాళ్ళు ఆమ్లజని ఉంది. గాలికి లోటు లేదు, లోటు ఊపిరితిత్తిలో ఉంది. మూడో రోజు పోయాడు. ఆ రోజుల నియమాల వల్ల నేను వెళ్ళలేకపోయాను.

తరువాత చాలాకాలం గూట్లో రాళ్ళ వంక చూడబుద్ధి కాలేదు. మళ్ళీ చదవడం మొదలుపెట్టింది అతని మనవడి వల్ల. పదో తరగతి పిల్లవాడు. తాతయ్య ప్లాంటులో ఏం చేసేవారో చెప్పమని వచ్చాడు. ఆక్సిజన్ తయారుచేసేవారని నేనంటే, "తయారుచేయడం కాదు కదండీ తాతగారూ, గాలిలో ఉన్నదాన్నే తీయడం కదా. మరి దాన్ని తయారుచేసింది ఎవరు?" అన్నాడు. ఆ ప్రశ్నకు జవాబు వెతుక్కుంటూ వేంపల్లె దాకా వెళ్ళాను.

ఇప్పుడు 0.03, 0.04 సంగతి. 1958లో కీలింగ్ అనే శాస్త్రవేత్త హవాయి దీవుల్లో మౌనాలోవా కొండ మీద బొగ్గుపులుసు వాయువును కొలవడం ప్రారంభించాడు. అప్పుడు పది లక్షల పాళ్ళలో 315. ఇప్పుడు 420 దాటింది. అంటార్కిటికా మంచులో చిక్కుకున్న పాతగాలి బుడగలను కొలిస్తే గడచిన ఎనిమిది లక్షల ఏళ్ళలో ఎప్పుడూ సుమారు 180కీ 300కీ మధ్యనే తిరిగింది. ఆవిరియంత్రాల కాలానికి ముందు 280. లోకమంతా కలిసి బొగ్గు, నూనె, గ్యాసు కాల్చి వదిలేది ఏడాదికి సుమారు 3,700 కోట్ల టన్నులు. కాల్చినందుకు ఆమ్లజని కూడా రవ్వంత తగ్గుతోందని కొలిచారు గానీ అది ఊపిరికి లోటయ్యేంత కాదు. బొగ్గుపులుసు వాయువు ఉన్నదే కొద్ది, అందువల్ల కొంచెం కలిపినా వాటా మారిపోతుంది.

ఇక్కడ మన యార్డును మళ్ళీ చూడండి. ఎర్ర రాయిలో గాలికి దక్కకుండా పోయిన ఆమ్లజని ఉంది. నల్ల రాయిలో గాలిలోంచి తీసి పూడ్చిన బొగ్గు ఉంది. తెల్ల రాయిలో బందీ అయిన బొగ్గుపులుసు వాయువు ఉంది. మూడింటినీ కన్వేయర్ల మీద తెచ్చి ఫర్నేసుల్లో వేస్తే, బొగ్గు వెళ్ళి ఖనిజంలోని ఆమ్లజనిని పట్టుకుని గాలిలోకి లేస్తుంది, సున్నపురాయి తన వాయువును వదిలేస్తుంది. మూడు యుగాల్లో జరిగిన పనిని మూడు షిఫ్టుల్లో తిరగదిప్పాం. ఈ పద్ధతిలో టన్ను ఉక్కుకు బొగ్గుపులుసు వాయువు రెండు టన్నుల పైచిలుకు.

ఈ మాట పార్కులో ఒక సాయంత్రం అంటే ఒక పాత మిత్రుడికి కోపం వచ్చింది. "తిన్నింటి వాసాలు లెక్కపెడుతున్నావురా" అన్నాడు. లెక్కపెడుతున్న మాట నిజమే. కానీ ఇల్లు నాదే. ఆ ఉక్కుతోనే మా పిల్లలు చదివారు, ఆ ప్లాంటు ఆమ్లజనితోనే 2021లో ఎందరో బతికారు. పని చేసినందుకు నాకు సిగ్గు లేదు, లెక్క దాచాలని కూడా లేదు. బొగ్గుకు బదులు ఉదజనితో ఖనిజంలోని ఆమ్లజనిని తీస్తే మిగిలేది నీటి ఆవిరేనని, స్వీడన్‌లో 2021లో ఆ పద్ధతిలో ఉక్కు చేసి చూపించారని ఆయనకు చెప్పాను. ఖర్చెంతన్నాడు. ఎక్కువేనన్నాను. "అదీ సంగతి" అన్నాడు. ఇంకా ఆ చర్చ తేలలేదు, రోజూ సాయంత్రం ఐదున్నరకు అదే బెంచీ మీద నడుస్తోంది.

మిత్రుడి మనవడు పోయిన ఏడాది ఇంటర్మీడియట్‌లో చేరుతూ నమస్కారం పెట్టడానికి వస్తే ఎర్ర రాయి అతనికి ఇచ్చేశాను. తాతగారిది అనుకోమన్నాను. కాబట్టి గూట్లో ఇప్పుడు రెండే ఉన్నాయి. మా ఆవిడ ఎర్రమరక తుడిచింది, అది పూర్తిగా పోలేదు. మిగిలిన రెండు రాళ్ళూ వచ్చే సర్వసభ్య సమావేశానికి తెస్తాను. చూడదలచినవారు భోజనాలకు ముందే అడగాలి, తరువాత నాకు నిద్ర వస్తుంది.